మా పరారీ ముత్తాత

రిటైరయ్యాక మా చిన్నాన్నకు వంశ చరిత్ర పిచ్చి పట్టింది. హిమాయత్‌నగర్‌లో ఇల్లు కట్టినవాడు, నాగలి పట్టినవాళ్ల మనవడినని చెప్పుకోవడానికి నామోషీ పడ్డాడు. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎవరిదో పాత వంశ చరిత్ర కొన్నాడు. అందులో కోటలున్నాయి, గుర్రాలున్నాయి. "పేర్లు మార్చు, సాలు" అని నా ముందు పడేశాడు. ఇంట్లో నాలుగు వాక్యాలు తిన్నగా రాయగలిగేది నేనొక్కణ్నే మరి.

మా మేనత్తది ఒకటే కోరిక. తల్లి పోయాక తనను పెంచిన నాయనమ్మ పేరు ఆ పుస్తకంలో ఉండాలి. ఫోన్ చేసినప్పుడల్లా అదే మాట. చిన్నాన్ననూ ఆ నాయనమ్మే పెంచింది, ఆయనకే గుర్తులేదు.

పొలం ఎవరిది, దున్నేదెవరు అని రాసే పాత పహాణీ నకలు ఊరి నుంచి తెప్పించాం. అంతా ఉర్దూ. నాంపల్లిలో అలాంటి కాగితాలు చదివిపెట్టే ముసలాయన దగ్గరికి నేనూ చిన్నాన్నా వెళ్లాం.

"పట్టా మీ తాత పేరు మీదున్నది సాబ్. మనిషి పరారీ. కాస్తు చేసేది పెండ్లం అని రాసిన్రు" అన్నాడాయన చిన్నాన్నతో. ఆమె పేరు కూడా చదివాడు. మేనత్త చెప్పే పేరే.

మెట్లు దిగకముందే చిన్నాన్న తేల్చేశాడు.

"పరారీ అంటే యుద్ధానికి వొయ్యిండనే గద! గట్లనే రాయి."

"మరి ఆమె పేరు?"

"ఆడోళ్ల పేర్లు వంశవృక్షంల ఎట్ల ఎక్కిస్తం రా? నలుగురు నవ్వుతరు."

పెళ్లాం బిడ్డలను వదిలి పారిపోయినవాడు వీరుడయ్యాడు. ఎండనపడి అందరినీ సాకిన మనిషికి ఆ చెట్టు మీద చోటు లేదట. నాకు ఒళ్లు మండింది. మండి ఏం చేశాను? చెప్పినట్టే రాశాను. వీరుడికి ఒక గుర్రాన్ని కూడా ఇచ్చాను.

పుస్తకావిష్కరణ నాంపల్లిలోనే, ఒక ఫంక్షన్ హాల్లో. శాలువాలు, బిర్యానీ. చుట్టాలంతా తమ ఫోటో ఏ పేజీలో ఉందో వెతుక్కున్నారు తప్ప ఒక్కరూ ఒక్క వాక్యం చదవలేదు. ఆ సంతకు ఆ చరిత్రే ఎక్కువ అనుకున్నాను.

చదువురాని మేనత్త నా పక్కన కూర్చుని పుస్తకం తెరిచింది, తలకిందులుగా.

"మా నాయనమ్మ పేరు ఏడున్నది బిడ్డా? జర సూపెట్టు."

పుస్తకం తిప్పి, వంశవృక్షం పేజీ తీసి, అన్నిటికన్నా పైనున్న పేరు మీద వేలు పెట్టాను.

"గీడ అత్తమ్మా."

ఆమె ఆ అక్షరాలను మెల్లగా తడిమి, చేతిని కళ్లకద్దుకుంది. అది వాళ్ల నాయనమ్మను వదిలి పారిపోయినవాడి పేరు.