కల్పలత చెక్కనేల

సీతాఫల్‌మండిలో మా అమ్మాయి నీహారిక బ్యాడ్మింటన్ నేర్చుకునే హాలుని అద్దెకి తీసుకుని నడిపేది కోచ్ రఘునాథ్ గారు. కానీ లోపల అడుగుపెట్టగానే అది ఎవరి రాజ్యమో తెలిసిపోయేది. "చెప్పులు ఆడనే ఇడువుండ్రి. గొడుగు మంచిగ దులుపుకొని రాండ్రి" అని గోడవారనుంచి ఒక గొంతు వినిపించేది. ఆ గొంతు కల్పలతది. హాలుకి తాళం తీసేది, వేసేది, తుడిచేది, కాపలా కాసేది అన్నీ ఆవిడే. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తెనాలి నుంచి ఈ ఊరు వచ్చి ఇన్నేళ్లయినా ఇలా మొహం మీద చెప్పేవాళ్లతో నాకు పడదు.

ఆ హాలు నేల చెక్కది. పలకల్ని ఒకదాని పక్కన ఒకటి బిగించి పరిచారు. గాలిలో తేమ ఎక్కువైతే పలకలు ఉబ్బి అంచులు పైకి లేస్తాయి. మరీ ఎండిపోతే వాటి మధ్య సందులు పడతాయి. అందుకే వానాకాలమంతా కిటికీలు మూసి, గాల్లో తేమని లాగే మిషన్ ఒకటి నడుపుతారు. గోడకి తేమ చూపించే మీటరు ఉంటుంది. అందులో అంకె అరవై దాటకూడదు. మిషన్ డబ్బాలో చేరిన నీళ్లు పారబోయడం, పిల్లల చెమట చుక్క నేల మీద పడితే వెంటనే తుడవడం కల్పలత పనులు.

అంతకుముందు ఆవిడ ఒక ఫంక్షన్ హాల్లో పనిచేసింది. అక్కడ శుభ్రం అంటే బకెట్లకొద్దీ నీళ్లు. ఇక్కడ చేరిన మొదటిరోజు అదే అలవాటుతో, కొంగు నడుముకి దోపి, ఫినాయిల్ కలిపిన బకెట్‌తో కోర్టు మధ్యకి వచ్చిందట. రఘునాథ్ గారు పరిగెత్తుకొచ్చి బకెట్ లాక్కున్నారట. "నీళ్లు పోయకుండ కడుగుడేందని నాకు మనసున పట్టలే చెల్లె" అని ఆ కథ ఆవిడే చెప్పి నవ్వేది. పోయిన ఏడు ఆయుధపూజకి నేల మీద పసుపునీళ్లు చల్లనివ్వలేదని అలిగి, తేమ లాగే మిషన్‌కి బొట్టు పెట్టి, ఇంత లావు బంతిపూల దండ వేసింది. దండ గాలి పీల్చే చోట అడ్డుపడి మిషన్ ఆగిపోయింది. కోచ్ గారికి మళ్లీ పరుగు తప్పలేదు.

పిల్లలు ఆడే వేళ మేం గోడవార బెంచీ మీద కూర్చునేవాళ్లం. నేను, మౌలాలి నుంచి మనవరాలు యోగితని తీసుకొచ్చే విజయమ్మగారు, ఇంకొందరు తల్లులు. తుడుపుకర్ర ఒళ్లో పెట్టుకుని కల్పలత బెంచీ చివర సర్దుకునేది. అప్పటిదాకా మేడం అన్న మనిషి బెంచీ మీద కూర్చోగానే చెల్లె అనేది. ఆవిడ భర్త రైల్వే పార్సిళ్లు మోసేవాడు, పోయాడు. పిల్లలు లేరు. వెనక సందులో ఒక గదిలో ఉండేది. పక్క గదుల్లో కుర్రాళ్లు డ్యూటీకి పోతారు, వస్తారు, తలుపేసుకుంటారు. "పొద్దుగాల లేసిన సంది మీరొచ్చేదాంక నా గొంతు నాకే ఇనబడదు" అంది ఒకసారి, కూరగాయల ధర చెప్పినంత మామూలుగా. నేను వెంటనే చిక్కుడుకాయ కూర ఎలా చేస్తారని అడిగాను.

ఈ ఏడు శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. రెండో కోర్టులో పలకల అంచులు లేచాయి. మిషన్ బాగుచేసే మనిషి వచ్చి చూసి అందులో లోపం లేదన్నాడు. ఈ నేల పోతే మళ్లీ వేయించడం తన వల్ల కాదని, హాలు ఖాళీ చేసి పోతానని రఘునాథ్ గారు మా ముందే అన్నారు. కల్పలత తల ఎత్తలేదు. అసలు కారణం ఆవిడకి అప్పటికే తెలుసట. పొద్దున ఖాళీ హాల్లో మీటరు బుద్ధిగా ఉండేది. సాయంత్రం మేం తడి గొడుగులతో, రెయిన్‌కోట్లతో వచ్చి, తలుపు తీస్తూ మూస్తూ, బెంచీ నిండా కూర్చోగానే అంకె పైకి పాకేది. చెబితే బెంచీ పోతుంది. అందుకని నోరు మెదపలేదు.

ఒకరోజు యోగిత షటిల్ కోసం పరిగెత్తి, లేచిన అంచు తగిలి బోర్లా పడింది. మోకాలు చీరుకుపోయింది. కల్పలతే ఎత్తుకుని కట్టు కట్టింది.

మర్నాడు మేం వెళ్లేసరికి బెంచీ బయట రేకుల షెడ్డు కింద ఉంది. కల్పలత అద్దాల తలుపుకి అడ్డంగా నిలబడింది.

"మేడం, ఇంక పిల్లలొక్కరే లోపలికి. మీరు గీడ కూసోండ్రి."

"కోచ్ గారు చెప్పారా?" అన్నాను.

"లేదు. నేనే చెప్పిన సార్‌కు. జనం కూసుంటే తేమ ఎక్కువైతుంది. మన ఊపిరిల సుత తేమ ఉంటదంట."

"ఏందీ, ఊపిరి పీల్చుడు సుత తప్పేనా?" అన్నారు విజయమ్మగారు. నాకైతే మేడం అన్న మాటకే మండిపోయింది. నిన్నటి దాకా పక్కన కూర్చుని కబుర్లు చెప్పిన మనిషి ఇంత పెత్తనం చేస్తుందా అనుకున్నాను. షెడ్డులో జల్లు కొట్టేది, దోమలు కుట్టేవి. మెల్లగా అందరం పిల్లల్ని దించేసి వెళ్లిపోవడం మొదలుపెట్టాం. విజయమ్మగారు తెలిసిన ఆటోలో మనవరాల్ని ఒక్కదాన్నే పంపించేవారు. పలకలు కొంచెం కొంచెంగా సర్దుకున్నాయి. రఘునాథ్ గారు ఖాళీ చేసే మాట మళ్లీ ఎత్తలేదు.

మొన్నొకరోజు నీహారికని దించగానే కుండపోత మొదలైంది. స్కూటీ మీద తిరిగి వెళ్లలేక షెడ్డులోనే ఆగిపోయాను. అద్దంలోంచి కల్పలత కనిపించింది. ఇదివరకు బెంచీ ఉన్న చోటే నేల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి గబగబా తలుపు దాకా వచ్చింది. తీస్తుందనుకున్నాను. తియ్యలేదు. చేత్తో లేదు లేదని సైగ చేసి నడుము దగ్గర దోపుకున్న ఫోన్ తీసింది. నా ఫోన్ మోగింది.

"తలుపు తీయనీకి లేదు చెల్లె, బయట మస్తు ముసురుంది. ఏమనుకోకు."

"పోనీ మీరే బయటికి రండి అక్కా."

"చెమట తుడవాలె కదా. ఊకూకె తలుపు తీస్తే మీటరు ఆగదు."

అద్దానికి అటు ఆవిడ, ఇటు నేను నిలబడే ఉన్నాం. కోచ్ గారికి ఎందుకు చెప్పారు, చెప్పకపోతే ఎవరికి తెలిసేది అని అడిగాను.

"రేపు ఏ పిల్లకన్న కాలు ఇరిగితే? హాల్ బందయితే ఈ గల్లీకి మీరెవరొస్తరు?" వెనక్కి తిరిగి మీటరు చూసింది. "మస్తు తక్లీఫ్ అయితుంది చెల్లె. మిమ్మల్ని పొమ్మన్నప్పటిసంది అన్నం తినబుద్ధి అయితలేదు."

ఆవిడే అడగడం షురూ చేసింది. మా అత్తగారి నడుంనొప్పి తగ్గిందా, తమ్ముడి సంబంధం కుదిరిందా, విజయమ్మకి బీపీ ఎట్లుంది. ఇన్నాళ్లవీ దాచిపెట్టుకుని వరసగా అడిగింది. మధ్యలో ఫోన్ చెవికి, భుజానికి మధ్య ఇరికించుకుని వెళ్లి కోర్టు తుడిచొచ్చింది. చివరికి అడగాల్సినవీ చెప్పాల్సినవీ అయిపోయాయి.

"ఉంటాను అక్కా. ఆట అయ్యేదాకా ఇక్కడే కూర్చుంటాలెండి."

"కూసో. ఫోన్ మాత్రం పెట్టెయ్యకు."

"ఇంకేమైనా చెప్పాలా?"

"చెప్పేదేం లేదు. జెర గట్లనే చెవుల ఉండనీ."

నేను బెంచీ మీద కూర్చున్నాను. ఆవిడ వెళ్లి గోడవార కూర్చుంది. ఆట ముగిసి నీహారిక బయటికి వచ్చేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, ఇద్దరం ఫోన్ పెట్టెయ్యలేదు.