సలాలాలో తెల్లద్రాక్ష రసం

నిన్న మా కోడలు ఫ్రిజ్‌లో పెట్టడం మరిచిపోయిన ద్రాక్షరసం సీసా మూత తిప్పగానే టప్‌మంది. కోడలు పిల్ల ఉలిక్కిపడింది. నేను మాత్రం ఆ వాసనకి పదేళ్ళు వెనక్కి, సలాలాకి వెళ్ళిపోయాను. జులై, ఆగస్టుల్లో ఒమన్ అంతా ఎండకి మాడిపోతుంటే, మా సముద్రపు ఊరికి మాత్రం ఖరీఫ్ వచ్చేది. ఖరీఫ్ అంటే అక్కడ పంట కాదు, మంచూ తుంపరా. మస్కట్ వాళ్ళు కార్లేసుకుని మా చలి చూడ్డానికి వచ్చేవాళ్ళు. మేం నర్సులం డ్యూటీకి స్వెట్టర్లు వేసుకుని వెళ్ళేవాళ్ళం, సగం గొప్పకే.

మా చర్చి తెలుగు సంఘంలో ప్రభువు బల్లకి, అంటే యేసు జ్ఞాపకంగా అందరూ రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ఆరాధనకి, రసం తియ్యడం మా అక్కాబావల ఇంటి పని. పళ్ళు కడగడం నాది, పిసకడం అక్కది, వడకట్టి కాచి సీసాల్లో పొయ్యడం బావగారిది. బల్ల మీద పెట్టకముందు దాన్నెవరూ నాలిక మీద వేసుకోకూడదు, వేలైనా నాకకూడదు. బావగారు మస్కట్ దగ్గర రుసైల్‌లో ఫ్యాక్టరీలో ఉండగా తాగి తాగి ఉద్యోగం పోగొట్టుకున్నారు. అక్క ఆయన్ని సలాలాకి తెచ్చుకుని, ఇంకొక్క చుక్క ముట్టినా మీ దారి మీది, నా దారి నాది అని తెగేసి చెప్పింది. అప్పటికి ఆయన మానేసి నాలుగేళ్ళు. సంఘంలో ఎవరికీ ఆ సంగతి తెలీదు.

ఆ ఏడు నల్లద్రాక్ష దొరక్క తెల్లద్రాక్ష తెచ్చాం. బాగా కాస్తే రంగు పోతుందని, కాస్త వెచ్చబెట్టి దించెయ్యమంది అక్క. ఇంత చలికి ఫ్రిజ్ ఎందుకులే అని ఆరు సీసాలూ వంటింటి గూట్లో పెట్టింది. ఫ్రిజ్ నిండా ఎలాగూ చేపలే. నాలుగైదు రోజులకి, అక్కడ సెలవు రోజైన శుక్రవారం ఉదయం, ఆరాధన జరుగుతుండగా చర్చి వెనక గదిలో మూత తీస్తే గ్యాసు తన్నుకొచ్చింది. తెల్లద్రాక్ష కదా, ఇలాగే ఘాటుగా ఉంటుందేమో అంది అక్క. వైన్ మొహం ఎరగనిదాన్ని, నేనూ తలూపాను. చిన్న గ్లాసుల్లో పోస్తుంటే పళ్ళెం కోసం బావగారు, ఆయన వెనకే పాస్టరు అయ్యగారు వచ్చారు. బావగారు గుమ్మంలోనే ఆగిపోయారు. ఊరుకుంటే సరిపోయేది. పెళ్ళాం చేత్తో ఇచ్చింది తాగితే తప్పుపట్టేదెవరు? నోరు విప్పితేనే, మీకెలా తెలుసని అడుగుతారు.

“అయ్యగారూ, ఇది బల్ల మీద పెట్టకండి. పులిసిపోయి వైన్ అయిపోయింది. నేను తాగి మానేసినోణ్ణి, ఈ వాసన నాకు తెలుసు,” అన్నారు.

అయ్యగారు బావగారి భుజమ్మీద చెయ్యి వేశారు. ఎండుద్రాక్ష ఉంటే వేడినీళ్ళలో నానేసి పిండమ్మా, అందాకా ఇంకో నాలుగు పాటలు పాడిస్తానని అక్కతో చెప్పి వెళ్ళారు. ఎండుద్రాక్ష ఇంట్లో ఉంది, ఇల్లు పక్క వీధిలో. సీసాలు నేను పారబోస్తానని బావగారు చొక్కా చేతులు మడిచారు. దగ్గుమందు సీసా కూడా ఆయనకి అందకుండా తాళం వేసే మనిషి మా అక్క. నన్ను కాపలాకి ఉండమంటుందనుకుని నేను కదల్లేదు. అక్క గుమ్మం దాటి వెనక్కి తిరిగింది.

“నువ్వూ రావే. ఆయన చూసుకుంటారులే.”

తుంపరలో తడుస్తూ వెళ్ళి వచ్చినంతసేపూ నా ప్రాణం నా దగ్గర లేదు. తిరిగొచ్చేసరికి ఆరు సీసాలూ కడిగి బోర్లించి ఉన్నాయి, బావగారు గ్లాసులు తుడుస్తున్నారు. హమ్మయ్య అనుకుని అక్కడే కుర్చీలో కూలబడ్డాను. నాలుగేళ్ళు కాపలా కాసినా కుదరని నమ్మకం ఆ పావుగంటలో కుదిరిందని అక్క ఇప్పటికీ అంటుంది. ఆ పావుగంట రావడానికే నాలుగేళ్ళు పట్టిందని నేనంటాను.