బస్సుకు కొట్టిన కొబ్బరికాయ

"మలిగీలు జర పైలం. నాలుగింట్ల నాలుగు తీర్లోళ్లుండాలె."

"నాకు తెల్వదా? నువ్వైతే కండ్లు మూస్కొని పండుకో."

దవాఖానాలో నా పెనిమిటీ నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలివి. జన్మలో మొదటిసారి ఆయన నా మాట విన్నాడు. నేనే ఆయన మాట వినక నిండా మునిగాను. ఎలా మునిగానో చెబుతాను. నాకు వచ్చింది సంతకమే కాబట్టి మా చెల్లెలి కూతురు సుజాత రాస్తోంది.

గోపన్‌పల్లి రోడ్డు మీద మావి నాలుగు మలిగీలు, అంటే కొట్టు గదులు. దర్జీ, కిరాణా, పిండి గిర్నీ, కిరాయి సైకిళ్ల యాదయ్య. ఆ కిరాయిలతోనే నేను తినాలి, నా బిడ్డ బడికి పోవాలి.

దర్జీ పండగలకే కిరాయి ఇచ్చేవాడు. కిరాణా అతను సగం కిరాయికి పప్పు కొలిచేవాడు. యాదయ్య మాత్రం ఒకటో తారీకున గడపలో ఉండేవాడు. ఎలాగబ్బా అని ఒక రోజంతా అతని కొట్టు ముందే కూర్చున్నాను. అటు యూనివర్సిటీ కడుతున్నారు. పనికి పోయేవారు, లింగంపల్లిలో రైలెక్కేవారు, పెళ్లిలో రెండో పంక్తికి ఎగబడ్డట్టు సైకిళ్ల మీద పడుతున్నారు.

ఒక్క షాపే ఇంతిస్తే నాలుగు ఎంతివ్వాలి! మిగతా ముగ్గురినీ సాగనంపి, యాదయ్య తమ్ముళ్లను ముగ్గురినీ కిరాయి సైకిళ్లతోనే దించాను.

"రేపు పిండి పట్టియ్యనీకి సైకిల్ మీద ఏడికి వోతవక్కా?" అన్నాడు గిర్నీ అతను.

"నీకెందుకయ్యా ఫికర్?" అన్నాను.

ఆరు నెలలు నా కాళ్లు నేల మీద లేవు. అప్పుడు ఊరికి సిటీ బస్సు వచ్చింది. "మొగడు పోయినదానివి, ఎనుక నిలబడు" అని ఎవరో గొణిగారు. "నాలుగు మలిగీల మనిషిని, జరుగు!" అని తోసుకెళ్లి, బస్సుకు కొబ్బరికాయ కొట్టి, ఎక్కి లింగంపల్లి దాకా ఊరేగి వచ్చాను. తిరిగొచ్చేసరికి సైకిళ్లన్నీ సంతలో అమ్ముడుపోని బర్రెల్లా వరసగా నిలబడి ఉన్నాయి. జనం సరదాకి బస్సెక్కారు, రేపు సైకిళ్లకే వస్తారులే అనుకున్నాను. చూశారా నా తెలివి!

నెల తిరక్కుండానే అన్నదమ్ములు నలుగురూ తాళంచెవులు తెచ్చి నా ముందు పెట్టారు.

"ఏంది యాదయ్యా, అందరొక్కపారేనా? ఒక్కడన్న ఆగరాదు?"

"ఎట్లాగుతమక్కా? నలుగుర్ని ముంచింది ఒక్క బస్సే గద."

"గా బస్సు పాడుగాను!"

"గట్లనకు. దానికి కొబ్బరికాయ గొట్టింది నువ్వే."

బిడ్డ బడి ఆగకుండా కాళ్ల కడియాలు అమ్మాను. రకానికొకరిని వెతికి తేవడానికి ఊరూరూ తిరిగాను. ఏ బస్సులో తిరిగానో వేరే చెప్పాలా?

అందుకే కుడిచేయి ఎత్తి ఒట్టు పెడుతున్నాను: ఒకే వ్యాపారానికి రెండో మలిగీ ఇవ్వను. ఊళ్లోకి ఏ కొత్త బండి వచ్చినా, అది ఎవరి కడుపు కొడుతుందో కనుక్కోకుండా కొబ్బరికాయ ముట్టను.

నవ్వింది చాలు సుజాతా. మొదటినుంచి చదువు, వింటాను.