కార్డు మీద మొదటి నంబరు

మంగళవారం ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు షార్ట్‌హ్యాండ్ మాస్టారు సుల్తాన్ బజార్‌లోని తన ఇంట్లో చనిపోయారు. గుండెపోటు. వయసు డెబ్బై ఒకటి. వార్త మొదట మా అమ్మాయికి తెలిసింది. ఆమె క్లాసులో అందరికీ ఫోన్లు చేసి, ఆఖర్న నా గది గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పింది. ముప్ఫయి ఏళ్ళుగా వార్తలు రాస్తున్నవాణ్ణి. నా ఇంట్లో ఉన్న వార్త నాకు అందరికంటే చివర అందింది. ఆ క్షణంలో కూడా నాకు ముందు తట్టింది అదే. ఆయనంటే నాకు అసూయ. దాన్ని పక్కన పెట్టి ఆయన గురించి రాస్తే సగం అబద్ధమవుతుంది.

మా అమ్మాయికి పదహారో ఏట నుంచి ఫిట్స్ వస్తున్నాయి. కాలేజీలో రెండుసార్లు పడిపోయాక, ఇంట్లో ఉంచి చదివించుకోమన్నారు. కోర్టులో స్టెనో కావాలని ఆమె పట్టుబట్టి, అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, ఫొటోస్టాట్ దుకాణం పైనున్న మాస్టారి ఇన్‌స్టిట్యూట్‌లో చేరింది. చేరేముందు నేనొక సలహా ఇచ్చాను: ఎవరికీ చెప్పకు. ఆమె మొదటి రోజే మాస్టారికి చెప్పేసింది.

రెండో వారంలో ఇన్‌స్టిట్యూట్ నుంచి ఫోనొచ్చింది, అమ్మాయి పడిపోయిందని. లక్డీకాపూల్ నుంచి ఆటోలో వెళ్ళాను. మెట్లెక్కుతుంటే పైన డిక్టేషన్ వినిపిస్తోంది. మా అమ్మాయి బెంచీ మీద పక్కకు తిరిగి పడుకుని ఉంది. తల కింద మడత పెట్టిన శాలువా. మిగతావాళ్ళంతా తలలు వంచుకుని రాస్తున్నారు.

"పిల్ల పడిపోతే క్లాసు ఆపరా?" అన్నాను.

"ఆపితే అందరు సుట్టు నిలబడి సూస్తరు సార్. లేచినంక పాపకు సిగ్గయితది," అన్నారు మాస్టారు. "రాసుకుంట ఉంటే ఏం గాలే అనిపిస్తది. జర కూసోండ్రి, ఇంక రెండు పేరాలున్నయ్."

కూర్చున్నాను. ఆ రెండు పేరాలూ అయ్యేలోపు ఆమె లేచింది. నన్ను చూసి, "నువ్వెందుకొచ్చావు నాన్నా?" అంది.

డిక్టేషన్ వేగం కొలిచే స్టాప్‌వాచ్ ఒకటి ఆ గది గోడకు మేకుకు వేలాడుతూ ఉంటుంది. మా అమ్మాయి చేరాక మాస్టారు దానికి రెండో పని పెట్టారు. రోజుకొకరి వంతు. ఫిట్స్ మొదలవగానే ఆ రోజు వంతువాళ్ళు వాచీ నొక్కాలి, ఆమెను పక్కకు తిప్పాలి, ఏ చెయ్యి ముందు కొట్టుకుందో, కళ్ళు ఎటు తిరిగాయో షార్ట్‌హ్యాండ్‌లో రాయాలి. ఐదు నిమిషాలు దాటితే దవాఖానకు. కొత్తగా చేరినవాళ్ళు మూడు రోజులు కూర్చుని చూశాకే వాచీ ముట్టుకోవాలి. "సూసింది రాయాలె, అనుకున్నది కాదు," అనేవారు. పాఠానికీ అదే సూత్రం.

ఆ సూత్రం నా దగ్గర ఉందనుకునేవాణ్ణి. తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు, ఫిట్స్ ఎంతసేపు ఉంటున్నాయని ఆయన అడిగాడు. "ఓ పది నిమిషాలుంటుంది," అన్నాను. మా అమ్మాయి సంచిలోంచి కాగితం తీసి, "ఒక నిమిషం నలభై సెకన్లు. ముందు ఎడమ చెయ్యి," అని చదివింది. ఆ తర్వాత డాక్టరు ప్రశ్నలన్నీ ఆమెనే అడిగాడు. ఆమె చదివింది వినే మందు మార్చాడు.

ఇంకోసారి నేను క్లాసులో ఉండగానే పడిపోయింది. నేనేం చేశానో రాయాలి. జేబులోంచి తాళాల గుత్తి తీసి ఆమె గుప్పిట్లో కుక్కాను. మాస్టారు వంగి, వేళ్ళు నొప్పించకుండా వాటిని తీసి నా చేతికిచ్చారు.

"మీ ఇంటియేనా సార్? జేబుల పెట్టుకోండ్రి, పోతయ్."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. ఆ మాట ఇంకెప్పుడూ ఎత్తలేదు కూడా.

మనిషి మెత్తన అని చెప్పను. గోళ్ళు పెంచుకుంటే తిట్టేవారు, ఆలస్యంగా వస్తే మెట్ల మీదే నిలబెట్టేవారు. హాజరు పిలుస్తూ ప్రతి ఒక్కరినీ "గోళీ ఏసుకున్నవా?" అని అడిగేవారు. మందు వాడేది మా అమ్మాయి ఒక్కతే. కానీ ఆమెను ఒక్కదాన్నే అడగడం ఆయనకు ఇష్టం లేదు. కాబట్టి జలుబు కూడా లేని పిల్లలంతా వరసగా "ఏసుకున్న సార్" అనేవాళ్ళు. అదే మాట ఇంట్లో నేనడిగితే మా అమ్మాయి విసుక్కునేది.

ఒకరోజు ఆమె పర్సులో కార్డు చూశాను. "నాకు ఫిట్స్ వస్తాయి. పక్కకు తిప్పండి. నోట్లో ఏమీ పెట్టకండి. ఈ నంబర్లకు ఫోన్ చేయండి." మొదటిది మాస్టారి నంబరు. రెండోది నాది.

నిరుడు ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు కొందరు కలిసి, వాళ్ళకు అండగా నిలిచినవారిని సన్మానించాలనుకున్నారు. పేర్లు చెప్పమని నన్ను అడిగారు. ఒక నర్సు, ఒక లెక్చరరు, పడిపోయిన కుర్రాణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యని ఒక మేనేజరు. ముగ్గురి పేర్లు ఇచ్చాను. మాస్టారి పేరు ఇవ్వలేదు. ఆయనది పాఠం చెప్పే వృత్తి కదా అనుకున్నాను, లెక్చరరుదీ అదే అయినా. అసలు కారణం ఆ కార్డు.

నాంపల్లిలో జరిగిన ఆ సభకు మా అమ్మాయి ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆయన చివరి వరసలో కూర్చుని ముగ్గురికీ చప్పట్లు కొట్టారు. మర్నాడు నా వార్త చదివి, "మూడు పేర్లు తప్పు లేకుంట రాసిన్రు సార్," అన్నారు. ఆయన దగ్గర అంతకంటే పెద్ద మెప్పు లేదు. మా అమ్మాయి నాలుగు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. కారణం నేను అడగలేదు.

ఇప్పుడు ఆ నాలుగో పేరు ఇక్కడ రాద్దామనుకున్నాను. "పేపర్ల పేరు ఒద్దు బాబూ, ఆయనకు నచ్చదు," అన్నారు ఆయన భార్య. ఇవ్వగలిగినప్పుడు ఇవ్వలేదు. అంతే.

వచ్చే నెల పరీక్ష ఉంది కాబట్టి క్లాసు ఆపకూడదని పిల్లలు నిర్ణయించుకున్నారు. సీనియరు కాబట్టి డిక్టేషన్ మా అమ్మాయి ఇస్తుంది. వాచీ వంతుల్లో నన్నూ వేయమన్నాను.

"కొత్తవాళ్ళు మూడు రోజులు కూర్చుని చూడాలి. సార్ రూలు," అంది.

"చూస్తాను. మరి కార్డు మీద నంబరు?"

"ముందు నీ వంతు రానీ నాన్నా."

సోమవారం ఉదయం ఏడింటికి క్లాసు మొదలవుతుంది. సోమ, మంగళ, బుధ నేను చివరి బెంచీలో కూర్చుంటాను. హాజరులో నన్నూ అడుగుతారట, గోళీ వేసుకున్నానా అని. వాచీ ఆ మేకుకే ఉంది. గురువారం అది నా చేతికి వస్తుంది.