కారు కదిలే ముందు దీవెన

సౌదీలోని ధహ్రాన్‌లో నేనూ ఒక అమ్మాయీ ఒకే ఆఫీసుకు, ఆమె కారులోనే వెళ్ళేవాళ్ళం. అమెరికాలోని న్యూ మెక్సికో పిల్ల. నా కూతురికన్నా కాస్త పెద్దది, అంతే. పొద్దున్నే బెల్టు పెట్టుకుని, బండి స్టార్ట్ చేయకుండా ఫోను స్పీకర్లో పెట్టేది. అక్కడ అప్పుడు రాత్రి. పడుకోబోతున్న వాళ్ళ అమ్మమ్మ స్పానిష్‌లో నాలుగు ముక్కలు చెబితే గానీ కదిలేది కాదు. ఆ ముసలావిడ దగ్గడం, మంచినీళ్ళు తాగడం, కళ్ళజోడు వెతుక్కోవడం అన్నీ వినాలి. ఏసీ లేక నేను ఉడికిపోయేదాన్ని.

"ఈ యమ్మితో పోతే దినామూ లేటే" అని మా ఆయన దగ్గర సణిగేదాన్ని.

"మీయమ్మ మాత్రం నీ నుదుట చెయ్యి పెట్టకుండా పంపిచ్చేదా?" అనేవారు ఆయన.

ఒకరోజు ఉండబట్టలేక, మీవాళ్ళు మెక్సికో నుంచి అమెరికాకు ఎప్పుడొచ్చారని అడిగాను. పకపకా నవ్వింది. "మేమెక్కడికీ రాలేదు. మా ఊరికి అమెరికాయే తర్వాత వచ్చింది" అంది. ఒకప్పుడు ఆ నేల మెక్సికోదేనట, యుద్ధంలో అమెరికా చేతికి పోయిందట. బడిలో స్పానిష్ మాట్లాడితే అమ్మమ్మకు దెబ్బలు పడేవట. ఆ బాధ తన పిల్లలకు వద్దని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడిందట. మనవరాలికి ఆ భాషలో మిగిలింది ఈ దీవెన ఒక్కటే. దేవుడు నిన్ను చల్లగా చూడాలి, కాపాడాలి, క్షేమంగా ఇంటికి చేర్చాలి అని దాని అర్థం. ఆ తర్వాత నేను సణగడం మానేశాను. పూర్తిగా కాదులెండి, తగ్గించాను.

మొన్న చలికాలంలో ఒక పొద్దున, మేం కారెక్కగానే అటునుంచే ఫోను వచ్చింది. చేసింది వాళ్ళ పిన్ని. అమ్మమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయిందని, రాత్రి గడవడం కష్టమని చెప్పింది. ఇప్పుడు విమానమెక్కినా అందదు.

"ఫోను అమ్మ చెవి దగ్గర పెడుతున్నాను. ఈసారి నువ్వే దీవించు" అంది పిన్ని.

"చిన్నదాన్ని, నేనెలా దీవిస్తాను?" అంటూ ఆ పిల్ల నా వంక చూసింది. చెప్పు అన్నట్టు తలూపాను.

మొదలుపెట్టింది. రోజూ వినడమే గానీ ఎన్నడూ తన నోటితో అన్నది కాదు. చల్లగా చూడాలన్నది అనగలిగింది, కాపాడాలన్నదీ అంది. ఇంటికి చేర్చాలన్న చోట ఆగిపోయింది. అవతల గురగురమని ఊపిరి తప్ప ఏమీ లేదు. ఆ చివరి ముక్క వినకుండానే పెద్దావిడ వెళ్ళిపోతుందేమో అనిపించింది. నాకు స్పానిష్ రాదు. కానీ రెండేళ్ళుగా విన్న చెవులు కదా.

"ఇ తె త్రైగా కొన్ బియెన్ అ కాసా" అని మెల్లగా అందించాను. ఏడుస్తూనే నా వెనక అనేసింది.

"వింది" అంది పిన్ని.

ఆ పిల్ల ఫోను ఒళ్ళో పెట్టుకుంది. "ఇక నన్నెవరు పంపుతారు?" అంది.

ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి, "సల్లగా ఉండు తల్లీ, పోయిరా" అన్నాను. ఆమెకు తెలుగు ఒక్క ముక్క రాదు. నా చెయ్యి మాత్రం తీయనివ్వలేదు.