రత్నం అత్త వేవిళ్లు... వీధంతటికీ పత్యం

మా చిన్నప్పుడు... కళింగపట్నంలో మా ఇంట్లో చేపలు వండటం మానేసిన రోజులున్నాయి. చేపలు పట్టి, చేపలు ఎండబెట్టి, చేపలమ్ముకుని బతికే ఇంట్లో!

దానికి కారణం మా రత్నం అత్త. నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. పెళ్లయిన మరుసటేడే నీళ్లోసుకుంది. మావ గుజరాత్ బోట్ల మీద పనికెళ్లిపోయాడు. అందుకని మా మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, తనే వెళ్లి కూతుర్ని మా ఇంటికి తీసుకొచ్చేసింది. అప్పుడు నేను ఐదో తరగతి.

అత్త ఆటో దిగింది... గుమ్మం ఎక్కకుండానే నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగు. ఇంటి ముందు నెత్తళ్లు ఆరబోసి ఉన్నాయి మరి. పుట్టినప్పట్నుంచీ ఆ ఎండుచేపల మధ్యే పెరిగిన మనిషికి ఆ వాసనే పడలేదు!

మామ్మకి తల కొట్టేసినట్టయింది.

"ఏటే ఇది... గంగమ్మ తల్లి బిడ్డవి, నీకు సేప వాసన పడదా? ఊరు నవ్వుతాది!"

"నానేటి సెయ్యనే అమ్మా... ముక్కు కోసీమంటావా?" అంది అత్త. ఏడుస్తూనే నవ్వుతోంది.

ఏం తిన్నా నిలిచేది కాదు. పొద్దున లేస్తే కడుపులో తిప్పుడు... సాయంత్రానికి పుల్లతేన్పులు, గుండెల్లో మంట. మామ్మేమో "ఇద్దరికి సరిపడా తినాల" అంటూ కంచం నిండా అన్నం పెట్టేది. మామ్మకి భయపడి అత్త తినేది. తిన్నదంతా మళ్లీ పెరట్లోకే.

ఒకరోజు మంచినీళ్లు కూడా నిలవలేదు. పెదాలెండిపోయి, గోడకి జారబడి కూర్చుంది. పిలిస్తే పలకలేదు. నాకు భయమేసి ఒడ్డుకి పరిగెత్తాను. నాన్న అప్పుడే వేట నుంచి వచ్చి తెప్ప లాగుతున్నాడు. తడిబట్టలతోనే ఆటో పిలుచుకొచ్చాడు. ఆస్పత్రికి వెళ్లేదాకా మామ్మ అత్త చెయ్యి వదల్లేదు.

సెలైన్ పెట్టారు. ఎండ తగ్గేసరికి అత్త కళ్లు తెరిచి, "ఆకలేస్తన్నాది" అంది. మామ్మ కొంగుతో మొహం కప్పేసుకుంది.

నర్సమ్మ మామ్మని కూర్చోబెట్టి చెప్పింది. "కడుపు నింపకండి. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ పెట్టండి. పొద్దున్న మంచం దిగకముందే పొడిగా ఏదైనా నమలమనండి. తిన్న వెంటనే పడుకోనివ్వద్దు. నీళ్లు కూడా నిలవకపోతే మాత్రం ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా తీసుకొచ్చేయండి. ఇంకోటి... పడని వాసన దగ్గరికి పోనివ్వకండి."

"మాది సముద్రం ఒడ్డమ్మా... వాసనెలాగ ఆపుతాం?" అంది మామ్మ నీరసంగా.

కానీ ఆపింది.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని వీధిలో ఇల్లిల్లూ తిరిగింది. ఎవరికీ తల వంచని మామ్మ! "నా కూతురికి వాసన పడతన్నేదు... కొన్నాళ్లు మీ సేపలు అవతలెక్కడైనా ఎండేసుకోండమ్మా..." అని బతిమాలింది.

ఎదురింటి అప్పలమ్మ పెద్దమ్మ గుమ్మం ముందు మాత్రం ఆగిపోయింది. బజార్లో తగువై వాళ్లిద్దరికీ చాన్నాళ్లుగా మాటల్లేవు. పెద్దమ్మ అంతా వింటూనే ఉంది. లేచి చీర దోపుకుని తన చేపల చాప చుట్టేసింది.

"నీ కూతురు నా కూతురు కాదేటి? నన్నడగడానికి నీకింత సిగ్గెందుకే!"

అంతే... తట్టలు, చాపలు, వలలు ఎత్తుకుని వీధంతా ఇసకదిబ్బల అవతలికి కదిలింది. పిల్లలందరం వెనకాల కేకలేసుకుంటూ... మాకు అదో తిరనాళ్లు!

మామ్మ చేపల బుట్ట బయటే దింపి, బోరింగు దగ్గర స్నానం చేసి, చీర మార్చుకుంటేగానీ గడప తొక్కేది కాదు. పొద్దున్నే అత్త లేచేలోగా గుప్పెడు మురీలు చేతిలో పెట్టడం నా పని. మరమరాల్ని మేం మురీలంటాం. పడుకునే కరకరా నమిలి, కాసేపాగి లేచేది. ఆ తర్వాత చిన్న గ్లాసుతో చోడి అంబలి, అదే రాగిజావ, పల్చగా మజ్జిగ కలిపి. మధ్యలో అల్లం ముక్క వేసి మరిగించిన నీళ్లు. అన్నం నాలుగు ముద్దలే... తిన్నాక నా భుజం మీద చెయ్యేసి మెల్లగా వీధి చివరిదాకా నడిచేది. గాలి మారి వాసనొస్తే నిమ్మాకు నలిపి ముక్కు దగ్గర పెట్టేదాన్ని.

పాపం నాన్న! రోజూ పప్పూ, వంకాయా తినలేక ఒకరోజు అప్పలమ్మ పెద్దమ్మ ఇంట్లో దొంగచాటుగా కవళ్ల చేపల పులుసు తినేశాడు. చేతులు సబ్బుతో కడిగి, నిమ్మచెక్కతో రుద్ది, ఏమీ ఎరగనట్టు వచ్చాడు. లోపల్నుంచే అత్త కేక...

"అన్నా... కవళ్లు తినీసొచ్చినావు గదా!"

నాన్న వెనక్కి పరుగు! వీధంతా పగలబడి నవ్వింది. అత్త పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి... "అమ్మా, ఇంకో ముద్ద పెట్టవే" అంది. అంతకుముందెప్పుడూ అలా అడగలేదు. ఆ ముద్ద కడుపులో నిలిచింది కూడా.

ఆ సాయంత్రమే ఆ సంగతి మావకి ఫోన్లో చెప్పారు. అటువైపు మావ ఏడుస్తున్నాడని నాన్న చెప్పాడు... ఇటువైపు మేమంతా ఒకేసారి మాట్లాడేశాం. నెలలు నిండాక సుఖంగా ఆడపిల్ల పుట్టింది.

ఇప్పుడు మా వదినకి వేవిళ్లు. విశాఖలో అపార్ట్‌మెంట్. డాక్టరు ఫోన్లోనే పలుకుతుంది, అల్లం మిఠాయి గుమ్మంలోకే వస్తుంది. అయినా పక్క ఫ్లాట్‌లో పోపు వేస్తే చాలు, వదిన కిటికీలన్నీ మూసుకుంటుంది. వెళ్లి ఒక్క మాట చెబుదామంటే... ఆ పక్కింటావిడ పేరే మాకెవరికీ తెలియదు.

మీ ఇంటి వేవిళ్లప్పుడు మీ కోసం ఏదైనా మానుకున్నవాళ్లు ఉన్నారా..? ఉంటే కింద రాయండి. మా అప్పలమ్మ పెద్దమ్మ పక్కన వాళ్లనీ కూర్చోబెడదాం...