ఫెర్న్‌కు పండ్లుండవు

చిన్నప్పుడు నన్ను మేకల వెంట అడవికి పంపారు. అక్షరాలు యాభై రెండో ఏట నేర్చుకున్నాను. రాయడం ఇప్పటికీ నెమ్మదే, అందుకే నా ప్రయాణం గురించి ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

పోయిన ఏడాది మా అమ్రాబాద్ నుంచి పట్నంలో, అశోక్‌నగర్‌లో ఉండే చెల్లెలి ఇంటికి వెళ్లాను. నారాయణగూడలో మొక్కలమ్మే చోట కనిపించిన పేరల్లా చదువుతున్నాను. రెండు కుండీల మీద ‘ఫెర్న్’ అని ఉంది. ఒకటి మా వాగు ఒడ్డున పెరిగేదే. ఎన్నడూ పూయదు, ఆకు వెనక గోధుమరంగు చుక్కలుంటాయి. రెండోదానికేమో ఎర్రటి పండ్లు!

“అన్నా, ఈ రెండూ ఒకటే ఎట్లయితయి?”

“రాసి ఉన్నది కనపడ్తలేదా అక్కా? అందరు గట్లనే అంటరు” అని నవ్వాడు మొక్కలమ్మే ఆయన.

అప్పటిదాకా రాసిందల్లా నిజమే అనుకునేదాన్ని.

“ఈ పండ్లది మా అడవిల పిల్లితీగకు చుట్టం. దాని లెక్కనే దీని ఏర్లకు గడ్డలుంటయి. కుండీ బోర్లించు. ఏర్లకు గడ్డలు లేకుంటే నేనే కొంట.”

బోర్లించాడు. తెల్లటి గడ్డలు గుత్తులుగా వేలాడాయి!

“ఇరవై ఏండ్ల సంది అమ్ముతున్న, ఒక్కరు చెప్పలే! పేరు నువ్వే రాయక్కా.”

“నా రాత వంకర” అని సిగ్గుపడి వచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే చిక్కడపల్లిలో స్కెచ్ పెన్ను కొనుక్కుని వెళ్లి, ఆ కుండీ మీద ‘పిల్లితీగ చుట్టం, ఫెర్న్ కాదు’ అని పెద్దగా రాశాను.